చురక: రోగము మనది, జరిమానా సర్కారుది

అన్న సంజీవని మందుల దుకాణములలో ఎవరే మాత్ర కొనిరో, వాజీకరణపు మాత్ర కొన్నవారినైనను విడువక, పేరు, ఫోను నంబరుతో సహా ప్రభుత్వ వెబ్‌సైటే 2018లో లోకమునకు చాటిన రాష్ట్రము మనది. రోగి రహస్యమిచట ఆత్రేయపురపు పూతరేకు కంటెను పలుచన. ఇట్టి రక్షణలోపమునకు 250 కోట్ల రూపాయల దాఁక జరిమానా విధింపవచ్చునని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టము గర్జించుచున్నది. భేష్! అయితే ఆ సొమ్ము చేరునది భారత సంచిత నిధికి. రోగికి దమ్మిడీ రాదు. పరిహారమిప్పించు పాత ఐటీ చట్టపు 43ఎ సెక్షనును సైతము ఈ చట్టమే కొట్టివేయనున్నది. పైపెచ్చు, పసలేని ఫిర్యాదు చేసిన రోగికి 10,000 రూపాయల వరకు వడ్డన! గోదావరి జిల్లాల రోగులారా, రొక్కమిచ్చిన రసీదు భద్రపరచుకొనుఁడు. వినియోగదారుల కమిషను తలుపు తట్టుటకు అదియే పనికివచ్చును.