అర నిమిషపు మహారాజులు

మొబైల్ వర్క్‌స్టేషన్ అనబడే యంత్రం చూపులకు ల్యాప్‌టాపే అయినా, అమ్మేవారి లెక్కలోనూ కొనేవారి లెక్కలోనూ అది వేరే జాతికి చెందినది. మామూలు ల్యాప్‌టాప్ నుంచి దీన్ని వేరుచేసే లక్షణాలను తయారీదారులు మూడుగా చెబుతారు. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ల కోసం ప్రత్యేకించి రాసిన డ్రైవర్లతో నడిచే గ్రాఫిక్స్ కార్డు మొదటిది. మెమరీలో ఒక్క బిట్ తారుమారైనా దాన్ని పట్టుకుని సరిదిద్దే ఈసీసీ మెమరీని పెట్టుకునే వీలు రెండవది. ఫలానా సాఫ్ట్‌వేర్ ఈ మోడల్ మీద సవ్యంగా నడుస్తుందని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీయే ఇచ్చే ధ్రువీకరణ మూడవది. వాడుకదారులు అనుభవం మీద దీనికి నాలుగవ లక్షణాన్ని చేర్చారు. రెండర్ అనే భారీ లెక్క పెట్టిన రెండు నిమిషాల్లో ఫ్యాన్ల హోరుకు పక్క సీట్లో కూర్చున్నవారు తల తిప్పి చూడాలి. బ్రోషర్లలో ఈ నాలుగవది కనిపించదు గాని, గుర్తు పట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం మరొకటి లేదు.

ఈ జాతిలో ప్రధాన శాఖలు కొన్నే. హెచ్‌పీ కంపెనీ 2013లో జెడ్‌బుక్ పేరుతోనూ, లెనోవో 2015లో థింక్‌ప్యాడ్ పీ వరుసతోనూ ఇప్పటి రూపానికి వచ్చాయి. డెల్ మాత్రం దశాబ్దాలుగా ఇంజినీర్ల నోళ్ళలో నానిన ప్రెసిషన్ అనే పేరును 2025 జనవరిలో పక్కన పెట్టి, ఆ స్థానంలో ప్రో మ్యాక్స్ అనే పేరును ప్రవేశపెట్టింది; ప్రో మ్యాక్స్ 16 ప్లస్ అని పూర్తి పేరు చెప్పేలోపు కొనదలచినవారి ఉత్సాహం సగం చల్లారుతుందన్న సంగతి ఆ కంపెనీ గమనించినట్టు లేదు. అయితే ఈ వంశచరిత్రలో వినోదానికి పరాకాష్ఠ 2008 నాటి థింక్‌ప్యాడ్ డబ్ల్యూ700డీఎస్. పదిహేడు అంగుళాల తెర చాలదన్నట్టు, ఆ తెర వెనక నుంచి సొరుగు లాగినట్టు బయటికి వచ్చే 10.6 అంగుళాల రెండో తెరను, కీబోర్డు కింద కుడిచేయి ఆనే చోట బొమ్మలు గీయడానికి వాకమ్ పలకను, దానికి పెన్నును కూడా అమర్చిన ఈ యంత్రం సుమారు 5 కిలోలు తూగేది. దాన్ని చేత్తో మోయగలిగితే చాలు, అది మొబైల్ అనే వాదనకు సాంకేతికంగా ఎదురు లేదు.

ఇక అసలు విషయమైన పనితీరు పోలికకు వస్తే, ఈ శాస్త్రం ప్రధానంగా బెంచ్‌మార్క్ అనే పరీక్ష మీద నడుస్తుంది. ఒకే పనిని రెండు యంత్రాలకూ ఇచ్చి ఏది ముందుగా ముగిస్తుందో చూసి, ఆ ఫలితాన్ని ఒక సంఖ్యగా మార్చడమే బెంచ్‌మార్క్. మ్యాక్సాన్ కంపెనీవారి సినీబెంచ్ అనే పరీక్ష ఒక దృశ్యాన్ని రెండర్ చేయించి, అంటే త్రిమితీయ నమూనా నుంచి వెలుగునీడలతో సహా బొమ్మను లెక్కకట్టించి, మార్కులు వేస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, దీని పాత రూపాలను వేగవంతమైన ప్రాసెసర్లు నిమిషం గడవకముందే ముగించేవి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు మహారాజయోగం నడిచేది సరిగ్గా ఆ కాసేపే. ఇంటెల్ కోర్ ఐ9 13950హెచ్‌ఎక్స్ అనే ప్రాసెసర్‌నే తీసుకుంటే, దాని మూల విద్యుత్ పరిమితి 55 వాట్లు కాగా టర్బో అనే విజృంభణ దశలో గరిష్ఠ పరిమితి 157 వాట్లు. ఈ విజృంభణ శాశ్వతంగా సాగదు. లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలను తాకగానే, లేదా తయారీదారు నిర్ణయించిన గడువు తీరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు. కనుక అర నిమిషపు పరీక్షలో విశ్వవిజేతగా నిలిచిన యంత్రమే మూడు గంటల రెండర్‌లో నీరసించి, తనకన్నా తక్కువ రకం చిప్పూ మెరుగైన ఫ్యాన్లూ ఉన్న లావుపాటి ల్యాప్‌టాప్ చేతిలో ఓడిపోవడం జరుగుతుంది. ఈ మాయను గ్రహించే కాబోలు, 2020లో వచ్చిన సినీబెంచ్ ఆర్23 పరీక్షను మామూలుగా పది నిమిషాల పాటు ఆగకుండా నడిచేలా మార్చారు. పది నిమిషాలకు ప్రాసెసర్ స్వభావం కొంత, ఫ్యాన్ల స్వభావం పూర్తిగా బయటపడతాయి.

ఈ సిద్ధాంతానికి అత్యుత్తమ నిదర్శనం 2018 జులైలో యూట్యూబ్ సమీక్షకుడు డేవ్ లీ చేసిన ప్రయోగం. ఆ ఏడాది ఆపిల్ విడుదల చేసిన మ్యాక్‌బుక్ ప్రోలో ఆరు కోర్ల కోర్ ఐ9 ఉండగా, ఒక వీడియోను ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ ద్వారా ఎగుమతి చేయించి చూస్తే, దానికన్నా చవకైన అంతకుముందు ఏడాది మోడలే ముందుగా పని ముగించింది. అప్పుడాయన కొత్త ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్ళి ఫ్రీజర్లో పెట్టి మళ్ళీ అదే పని చేయించగా, 39 నిమిషాలకు పైగా పట్టిన పని 27 నిమిషాల చిల్లరకు దిగివచ్చింది. వృత్తి నిపుణులకు ఉద్దేశించిన కంప్యూటర్ చరిత్రలో బఠానీల పక్కన కూర్చోబెట్టి వేగం పెంచిన ఘట్టం ఇదొక్కటే కావచ్చు. కొన్ని రోజుల్లోనే ఆపిల్ స్పందించి, ఉష్ణ నియంత్రణకు సంబంధించిన ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ తాళంచెవి లోపించిందని చెప్పి, దాన్ని సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది. ఫ్రీజరు అవసరం తప్పింది గాని, వేల డాలర్ల యంత్రాల తారతమ్యాన్ని నిర్ణయించేది చిప్పు కన్నా దాని చుట్టూ ఉన్న గాలే అన్న సత్యం మాత్రం నిలిచిపోయింది.

గాలి ప్రస్తావన వచ్చింది గనుక తెలుగు నేలకు ఇక్కడ ప్రత్యేక స్థానం ఉందని చెప్పక తప్పదు. సమీక్షకులు తమ పరీక్షలను సాధారణంగా చల్లని గదుల్లో చేస్తారు. ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. ఇతర తయారీదారులలో పెక్కుమంది చెప్పే పై హద్దు కూడా 35 డిగ్రీలే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం పాదరసం ఎక్కడ ఉంటుందో తెలిసినవారికి ఈ అంకె చూడగానే నవ్వు వస్తుంది. ఫ్యాను ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు చిప్పు నుంచి బయటికి పోయే వేడి, చిప్పుకూ గదిలోని గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని బట్టి ఉంటుంది. గదిలో 25 డిగ్రీలుంటే 100 డిగ్రీల చిప్పుకు 75 డిగ్రీల వ్యత్యాసం దొరుకుతుంది, 42 డిగ్రీలుంటే 58 మాత్రమే. అంటే కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో, అదే ల్యాప్‌టాప్ తన వేడిని వదిలించుకునే శక్తిలో ఐదో వంతుకు పైగా కోల్పోతుంది. సమీక్షలో చదివిన మార్కులు పల్నాటి ఎండలో ఎందుకు రావడం లేదని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేవారు ముందుగా ఈ తీసివేత చేసుకోవడం మంచిది.

గ్రాఫిక్స్ చిప్పుల విషయంలో పోలిక మరింత రసవత్తరంగా ఉంటుంది. ఎన్‌విడియా వృత్తి నిపుణుల కోసం తయారుచేసిన ఆర్‌టీఎక్స్ 5000 ఏడా అనే కార్డు డెస్క్‌టాప్‌లో 12,800 కోర్లతో, 32 జీబీ మెమరీతో, 250 వాట్ల విద్యుత్తుతో పనిచేస్తే, అదే పేరుతో ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసరికి 9,728 కోర్లు, 16 జీబీ మెమరీ మిగులుతాయి. తయారీదారులు సన్నగా చిక్కిన అల్లుడిని పాత ఫొటో చూపించి పరిచయం చేసినట్టు, పెట్టె మీద పేరును మాత్రం ముట్టుకోరు. కథ అంతటితో అయిపోదు. ల్యాప్‌టాప్ చిప్పుకు ఎంత విద్యుత్తు ఇవ్వాలన్న నిర్ణయం, అంటే టీజీపీ అనే పరిమితి, 80 నుంచి 175 వాట్ల మధ్య ల్యాప్‌టాప్ తయారుచేసేవారి ఇష్టం. ఒకే చిప్పు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి మరొకదానికి రెట్టింపు విద్యుత్తు తాగవచ్చు. సన్నని ల్యాప్‌టాప్‌లో ఆకలితో అలమటించే పెద్ద చిప్పును, లావుపాటి దానిలో కడుపునిండా తినే చిన్న చిప్పు దాటిపోనూ వచ్చు. పెద్ద చిప్పుకు అదనంగా డబ్బు కట్టి, దాన్ని పస్తులుంచే ల్యాప్‌టాప్‌లో కొనుక్కునేవారి సంఖ్య తక్కువేమీ కాదు, ఎందుకంటే స్పెసిఫికేషన్ పట్టికలో ఈ వాట్ల సంగతి ఉంటే గింటే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక కోర్ల సంఖ్యకు వస్తే, ఎక్కువ కోర్లుంటే ఎక్కువ వేగమన్న నమ్మకం కొనుగోలు శాఖలలో మతవిశ్వాసం స్థాయికి చేరింది. ఏన్సిస్ వంటి విశ్లేషణ సాఫ్ట్‌వేర్లూ, ప్రాసెసర్ మీద నడిచే రెండరింగూ ఉన్న కోర్లన్నిటికీ పని పంచుతాయి గాని, భవనాల నమూనాలు గీసే రెవిట్‌లోనూ యంత్ర భాగాలు గీసే సాలిడ్‌వర్క్స్‌లోనూ రోజువారీ పనుల్లో చాలా భాగం వరుసక్రమంలో నడిచే లెక్కలు. ఒకటి తేలితే గాని రెండోది మొదలు కాదు గనుక అవి ఒక్క కోరు మీదనే సాగుతాయి. ఇరవై నాలుగు కోర్లలో ఒకటి చెమటోడుస్తుంటే తక్కిన ఇరవై మూడూ ఖాళీగా ఉంటాయి, వాటికీ డబ్బు కట్టే ఉంటారు. ఇటువంటి పనికి కోర్ల సంఖ్య కన్నా ఒక్క కోరు అందుకోగల గరిష్ఠ వేగం ముఖ్యమని చెప్పే సలహాదారు మాట సాధారణంగా ఆర్డరు పెట్టిన మర్నాడు వినిపిస్తుంది.

గ్రాఫిక్స్ పరీక్షలలో పెద్దరికం స్పెక్‌వ్యూపెర్ఫ్‌ది. కేటియా, క్రియో, మాయా, సీమెన్స్ ఎన్‌ఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు తెర మీద బొమ్మను ఎలా తిప్పుతాయో ముందుగా నమోదు చేసి, ఆ ఆదేశాలనే మళ్ళీ గ్రాఫిక్స్ కార్డుకు వినిపించి సెకనుకు ఎన్ని చిత్రాలు వచ్చాయో ఇది లెక్కపెడుతుంది. ఇక్కడ ఆటల కోసం చేసిన జీఫోర్స్ కార్డు కొన్ని విభాగాల్లో చతికిలపడటం, అదే చిప్పును వృత్తి నిపుణుల పేరుతో, వారి డ్రైవర్‌తో అమ్మితే లేచి పరుగెత్తడం కనిపిస్తుంది. సాలిడ్‌వర్క్స్‌లోని రియల్‌వ్యూ అనే మెరుగు చూపించే సదుపాయమైతే ధ్రువీకరణ పొందిన కార్డులకే పరిమితం. దాన్ని ధ్రువీకరణ లేని కార్డు మీద రప్పించడానికి విండోస్ రిజిస్ట్రీలో మార్పులు చేసే విద్యార్థుల ప్రతిభ చూస్తే, ఆ ధ్రువీకరణ రుసుమును వారి చేతిలోనే పెట్టడం న్యాయమనిపిస్తుంది. అయినా ధ్రువీకరణను పూర్తిగా కొట్టిపారేయడం సబబు కాదు. వంతెన నమూనా తెర మీద ముక్కలుగా కనిపించినప్పుడు, తప్పు డ్రైవర్‌దా డిజైనర్‌దా అన్న వాదనలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫోన్ ఎత్తడానికి ఆ కాగితమే ఆధారం.

ఇక బ్యాటరీ సంగతికి వస్తే, విమానంలో వెంట తీసుకెళ్ళే బ్యాటరీకి విమానయాన సంస్థ ప్రత్యేక అనుమతి లేకుండా ఉన్న హద్దు 100 వాట్-గంటలు, అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 దగ్గర ఆగిపోయి కనిపిస్తాయి. ప్రాసెసరూ గ్రాఫిక్స్ చిప్పూ కలిసి 200 వాట్లు లాగితే ఆ బ్యాటరీ అర గంటకు ఖాళీ. అంత దూరం పోనివ్వకుండా, చార్జరు పీకగానే యంత్రమే తన వేగాన్ని తగ్గించుకుంటుంది, కాబట్టి సమీక్షలలోని సంఖ్యలన్నీ గోడ సాకెట్‌కు కట్టేసిన స్థితిలోనివని అర్థం చేసుకోవాలి. ఆపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌బుక్ ప్రోలు ప్లగ్ ఉన్నా లేకున్నా దాదాపు ఒకే వేగంతో నడవడం వాటి ఘనత. కేటియా, సాలిడ్‌వర్క్స్, రెవిట్ వాటి మీద నేరుగా నడవకపోవడం వల్ల, మెకానికల్ ఇంజినీర్‌కు ఆ ఘనత పక్కింటివారి ఫలహారం. బరువు దగ్గర కూడా ఇటువంటి మెలికే ఉంది. పట్టికలో రాసే బరువు చార్జరు లేకుండా, అతి తక్కువ భాగాలతో కొన్నప్పటిది. 240 వాట్ల చార్జరును సంచిలో వేసుకుని మెట్లెక్కినవారి భుజానికి మాత్రం అసలు బరువు తెలుస్తుంది.

ఇన్ని తారతమ్యాలూ పరిశీలించి కొన్న యంత్రాలు చాలా సంస్థలలో హోదాను బట్టి పంపిణీ అవుతాయి. అత్యధిక మెమరీ ఉన్నది డైరెక్టరుగారి బల్ల మీద ఈమెయిళ్ళు తెరుస్తూ నిశ్శబ్దంగా కాలక్షేపం చేస్తుంటే, దాని ఫ్యాను తిరగగలదన్న విషయం ఆయనకు పదవీ విరమణ నాటికి కూడా తెలియదు; ఒత్తిడి విశ్లేషణ చేసే జూనియర్ ఇంజినీరు నిరుటి మోడల్‌కు పని అప్పగించి టీకి వెళ్ళి, భోజనం చేసి, వచ్చి చూసి, మళ్ళీ టీకి వెళతాడు.

కంపెనీలు మార్చేసిన వర్క్‌స్టేషన్లు కొన్నాళ్ళకు సెకండ్ హ్యాండ్ దుకాణాలకు చేరతాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల బ్లెండర్ అనే త్రిమితీయ బొమ్మల సాఫ్ట్‌వేర్ నేర్చుకునే కుర్రవాళ్ళు వాటిని తిరగేసి చూస్తుంటారు, అక్కడ పోలిక పద్ధతే వేరు. స్క్రీను మీద చుక్కలున్నాయా, తెర కీలు వదులైందా, అరచేయి ఆనే చోట ఉబ్బి బ్యాటరీ పొంగినట్టుందా అన్నవే అక్కడి బెంచ్‌మార్కులు. వీటన్నిటికన్నా కీలకమైనది చార్జరు. పాత డెల్ ప్రెసిషన్ల చార్జరు మొనలో మధ్యన సన్నని పిన్ను ఒకటి ఉంటుంది. ఈ చార్జరు ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఆ పిన్ను వంగినా, నకిలీ చార్జరు కావడం వల్ల సమాధానం రాకపోయినా, బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసరు కనిష్ఠ వేగానికి పడిపోతుంది, ఎన్ని కోర్లున్నా నోట్‌ప్యాడ్ కూడా ఆలోచించి తెరుచుకుంటుంది. ఈ రహస్యం తెలిసిన కుర్రవాడు మిగతా బేరమంతా ముగిసేదాకా ఆగి, చివర్లో మామూలుగా అడిగినట్టు, 'అన్నా, చార్జర్ ఒరిజినలేనా?' అంటాడు. దుకాణదారు కళ్ళు ఎత్తకుండానే, 'ఒరిజినల్ కావాలంటే రేటు వేరే ఉంటది తమ్మీ' అంటాడు.