పట్టా లేని పక్షులు

హైదరాబాదు చెరువును శాస్త్రీయంగా పరిశీలించదలచినవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, వానాకాలంలో అది నిండడం ఎంత సహజమో, ఎండలు ముదిరేకొద్దీ నీరు వెనక్కి తగ్గి బురదనేల బయటపడడమూ అంతే సహజం. ఇలా ఏడాదిలో కొంతకాలం మునిగి, కొంతకాలం తేలే చెరువు లోపలి నేలను తెలంగాణలో శిఖం భూమి అంటారు. పూర్వం రైతు నీరు తగ్గిన మేరకు అక్కడ ఓ పంట వేసుకుని, తొలకరికి చెరువు సొత్తు చెరువుకే వదిలి వచ్చేవాడు. దస్తావేజులు లేని ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని నవీన నగరం అనాగరికమని తేల్చి, ఆ నేల మీద ప్లాట్ల నంబర్లు వేసింది.

సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు ఈ అధ్యయనానికి అనువైన నమూనా. కుతుబ్ షాహీల కాలం నాటి ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర ప్రాంతపు జలాశయానికి దేశంలో ఈ హోదా దక్కడం అదే మొదలు. జీవజాతుల దృష్ట్యా విశిష్టమైన చోట్లకు, 2002 నాటి జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద, స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఇది. దీని మార్గదర్శకాలు మహా మర్యాదగా ఉంటాయి: స్థానికులు తమంతట తాము ఒప్పుకున్నవి తప్ప, వారి వాడుకల మీద ఈ హోదా ఏ ఆంక్షా పెట్టనక్కరలేదట. పశువుల కాపరినీ చేపలు పట్టేవారినీ తలచుకుని రాసిన మాట కాబోలు. తీరా నగరం చెరువు దాకా వచ్చేసరికి స్థానికులలో ఎక్కువమంది బాల్కనీలలో ఉన్నారు.

చలికాలంలో ఈ చెరువు గట్టుకు వచ్చే సందర్శకుడు చూడగోరేది ముఖ్యంగా ఫ్లెమింగోను. ఆ పక్షి మోకాలి లోతు నీటిలో నిలబడి, పొడవాటి మెడను కిందికి వంచి, ముక్కును తలకిందులుగా ముంచి, నాలుకతో బురదనీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలా ఉండే పలచని రేకులు నీటిని వదిలేసి నాచునూ సన్నని రొయ్యలనూ పట్టి ఉంచుతాయి. దాని ఈకలకు గులాబి రంగు వచ్చేది ఈ తిండిలోని వర్ణకాల వల్లనే. ఉల్లంకి పిట్టలకు ఆ లోతు కూడా ఎక్కువే. తడి ఆరని ఒడ్డున చిన్న ముక్కుతో పొడిచి పురుగును లాక్కోవడమే వాటి జీవనోపాధి. నగరం వికారమని ముక్కు మూసుకునే ఆ బురదే పక్షులకు వడ్డించిన విస్తరి.

ఈ వికారాన్ని సరిదిద్దే విద్యకు సుందరీకరణ అని పేరు. పూడిక తీసి చెరువును బావిలా లోతు చేయడం, ఏటవాలు ఒడ్డును చెక్కి రాళ్లు పరచడం, ఏడాది పొడవునా నీటిని ఒకే మట్టంలో నిలపడం, చుట్టూ నడకదారి వేసి రంగురంగుల దీపాలు పెట్టడం ఇందులోని ప్రధాన ప్రక్రియలు. మురుగునీరు వచ్చి కలిసే కాలువను ఆపడం మాత్రం వీటిలో చేరదు. అందుచేత మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క దట్టంగా పెరుగుతుంది. యంత్రం పెట్టి దానిని తీయించడం, అది మళ్లీ పెరగడం, మళ్లీ తీయించడం అనే క్రమంలో, చెరువు మీద ఆధారపడి బతికే జీవజాతుల జాబితాలో గుత్తేదారు శాశ్వత స్థానం సంపాదిస్తాడు.

చెరువు నిండి మత్తడి దూకే వేళ నీరు ఆనే హద్దును పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లకు తగ్గని చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు ఖాళీగా వదలాలని నిర్మాణ నిబంధనలు 2012 నుంచి చెబుతున్నాయి. 2020 అక్టోబరు వానలకు నగరంలో పలు చెరువులు తమ పాత హద్దులు గుర్తు చేసుకుని సెల్లార్లలోకి వచ్చినప్పుడు, ఆక్రమణ జరిగిందని మొర పెట్టుకున్నవారు మాత్రం సెల్లార్ల యజమానులే.

ఆదివారపు సందర్శకుల వద్దకు వస్తే, వారిలో కెమెరాకు ఫిరంగిలాంటి లెన్సు తగిలించి తెల్లవారకముందే వచ్చి నిశ్శబ్దంగా కూర్చునేవారు కొందరు ఉంటారు. వీరి వల్ల పక్షులకు పెద్ద బాధ లేదు. తొమ్మిది దాటాక పెళ్లికి ముందరి ఫొటోల కోసం వచ్చే జంటతో పాటు డ్రోను కూడా వస్తుంది. వందల బాతులు ఒక్కసారిగా లేచి తలల మీదుగా ఎగిరిపోవడం ఆ వీడియోకు అత్యవసరం కనుక, అవి లేవకపోతే లేపుతారు. ఉత్తరాసియా నుంచి వచ్చిన సూదితోక బాతు తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకుంటున్న కొవ్వును ఇలా అకారణంగా లేచినప్పుడల్లా కొంత కరిగించుకుంటుంది. వధూవరులకు కుదరక రెండో టేకు అడిగితే మరికొంత.

ఈ చిక్కులన్నింటికీ పలుచోట్ల ద్వారం దగ్గరే పరిష్కారం కనిపిస్తుంది: సిమెంటు ఫ్లెమింగో. దానికి బురద అక్కరలేదు, డ్రోనుకు బెదరదు, వేసవిలో వలస పోదు, పిల్లలు వీపెక్కినా ఏమీ అనదు. ఎక్కువమంది సందర్శకులు దాని పక్కనే ఫొటో దిగి తృప్తిగా ఇంటికి వెళతారు. గులాబి రంగు వెలిసినప్పుడు దానికి నాచూ రొయ్యలూ వెతికి పెట్టవలసిన పని కూడా లేదు, టెండరు పిలిస్తే చాలు.