అరుగు ఇల్లా, వీధా?

పుదుచ్చేరి తమిళ వీధుల్లో పాత ఇళ్లకు అరుగులు కట్టింది బాటసారి కాసేపు నడుం వాల్చడానికి. ఇప్పుడక్కడ పార్సిలు నడుం వాలుస్తోంది. దాన్ని లేపుకుపోయే బాటసారికీ కొదవ లేదు. డెలివరీ కుర్రాడు పెట్టె పెట్టి, ఫొటో తీసి, అందజేశానని నొక్కేస్తాడు. ఆ ఫొటో పెట్టె వచ్చిందనడానికి సాక్ష్యమే గానీ, మన చేతికి అందిందనడానికి కాదు. అలాగని కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. పెట్టెకింత అని కూలి గిట్టేవాడు తలుపు తీసేదాకా నిలబడితే పస్తే. ఓటీపీ ఉందిగా అంటారా? అది ఖరీదైన ఫోన్లకు. మూడొందల రూపాయల చెప్పులకు ఎవరడుగుతారు? సీసీ కెమెరా చూస్తుంది, పట్టుకోదు.

చట్టానికైతే మర్యాద మరీ ఎక్కువ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం సొత్తు 5,000 రూపాయల లోపై, తొలిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే శిక్ష సామాజిక సేవ. అదే ఇంట్లోంచి ఎత్తుకెళ్తే 305 కింద ఏడేళ్ల దాకా జైలు. మరి అరుగు ఏ లెక్కలోకి వస్తుందో వకీళ్లు వాదించుకోవాలి. ఊళ్లోని ఫ్రెంచి పేట వైట్ టౌన్‌కు ఆ ధర్మసందేహం లేదు: ఫ్రెంచివాళ్లు అరుగు మాని ఎత్తు గోడ కట్టారు, పార్సిలు నేరుగా ఫుట్‌పాత్ మీదే.