ఒక లాగ్ ఆత్మకథ

ఈ కథ చెప్పుకొంటున్న లాగ్ 2001లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ 7.1 వెర్షన్‌తో పుట్టింది. రైట్ అహెడ్ లాగ్ అన్నది దాని పూర్తి పేరు. వ్యాపారి ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాసి, తీరిక చూసుకొని ఆవర్జాకెక్కించినట్లే, ఏ మార్పైనా ముందు ఈ లాగ్‌లో నమోదై, ఆ నమోదు డిస్కుపై స్థిరపడ్డాకనే డేటా ఫైళ్లకు చేరాలన్నది దాని జన్మనియమం. కరెంటు పోయి యంత్రం ఆగినా, తిరిగి లేచిన డేటాబేస్ చివరి చెక్‌పాయింట్ నుంచి, అంటే అంతకుముందటి మార్పులన్నీ డేటా ఫైళ్లకు చేరినట్లు గుర్తు పెట్టిన చోటి నుంచి, లాగ్‌ను చదువుతూ తనను తాను సరిచేసుకొంటుంది.

ఈ భద్రతకు ఖరీదుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రాశానన్నది ఇంకా మెమరీలోనే ఉండవచ్చు గనుక, దానిని తప్పక డిస్కుకు చేర్చమని ఎఫ్‌సింక్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది గనుక, లావాదేవీ ఖాయమైందని చెప్పే ప్రతి కమిట్ ఆ మేరకు వేచి ఉండవలసివస్తుంది.

వేగం కోసం కొందరు ఎఫ్‌సింక్ సెట్టింగునే ఆపేస్తారు. అప్పుడు లాగ్ ముందు, డేటా తరువాత అన్న వరుసకు హామీ ఉండదు. కరెంటు పోతే సగం మారిన పేజీలు, వాటిని సరిదిద్దే నమోదే లేని లాగ్ మిగిలి, ఎన్నడో భద్రపరచిన పాత డేటా కూడా చెడిపోవచ్చు. అన్ని సెట్టింగులలోకీ ఈ లాగ్ ఎక్కువగా భయపడేది దీనికే. చెక్‌పాయింట్ తరువాత తొలిసారి మారే 8 కిలోబైట్ల పేజీని పూర్తిగా లాగ్‌లో దాచే ఫుల్ పేజ్ రైట్స్‌ను ఆపడమూ అటువంటి ప్రమాదమే.

2008లో 8.3 వెర్షన్‌తో వచ్చిన సింక్రనస్ కమిట్ సెట్టింగు స్వభావం వేరు. దానిని ఆపితే లాగ్ డిస్కుకు చేరకముందే కమిట్ పూర్తయిందన్న జవాబు వెళుతుంది గనుక, కరెంటు పోతే సాధారణ అమరికలో చివరి సుమారు 600 మిల్లీసెకన్లలోని లావాదేవీలు పోవచ్చుగాని, వరుస తప్పదు, మిగిలిన డేటా చెడదు. పైగా దీనిని లావాదేవీకొక తీరుగా మార్చుకోవచ్చు. ఒక పేజీని ఎందరు చూశారన్న లెక్కకు దీనిని ఆపి, ఖాతాలో డబ్బు కదిలే లావాదేవీకి మాత్రం డిస్కు బదులిచ్చేదాకా ఆగవచ్చు. ఈ వీలు ఎరిగినవారికి, చెడినా మొదటి నుంచి మళ్లీ నింపుకోగల తొలి లోడింగ్ వంటి పనులలో తప్ప, ఎఫ్‌సింక్ జోలికి పోవలసిన అవసరం కలుగదు.