ఆటో కాన్ఫిగరేషన్ సర్వర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆటో కాన్ఫిగరేషన్ సర్వర్ వారి సముఖమునకు,

తమరు క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. తమరికి ఏ కాస్త నలత చేసినా మా కాలనీ అంతా ఫోన్లు పట్టుకుని డాబాలెక్కుతుంది కనక, తమ ఆరోగ్యం గురించి వేరే కబురు అందాల్సిన పని లేదు.

తమరిని కళ్లారా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. నెట్ బాగుచేయడానికి వచ్చే కుర్రాడికి తమ పేరు కూడా తెలియదు. "కంపెనీవాళ్లు పైనుంచి ఏదో కొట్టారు సార్" అంటాడు. ఆ పైనున్నది తమరే. హాల్లో టీవీ పక్కన బిగించిన తెల్ల రౌటర్ డబ్బా మా కరెంటుతో నడుస్తుంది, మా బిల్లుతో బతుకుతుంది. లెక్కలు అప్పజెప్పేది మాత్రం తమరికి. ఆ ఉత్తరప్రత్యుత్తరాలకు టీఆర్-069 అని పేరు, 2004లో వచ్చిన ప్రమాణం. దాని ప్రకారం తమరు మా రౌటర్ సెట్టింగులు చదవగలరు, మార్చగలరు, దాన్ని రీస్టార్ట్ చేయగలరు, దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, తీసేసి కొత్తది ఎక్కించగలరు. మేము బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, డబ్బా అడుగున స్టిక్కరు మీదున్న పాస్‌వర్డుతో లోపలికి వెళితే, వైఫై పేరు, డీఎన్ఎస్ లాంటివి మార్చుకునే పేజీల దాకా రానిస్తారు. ఫర్మ్‌వేర్ అనే మెనూ మా లాగిన్‌కు కనబడనే కనబడదు.

తమరు అప్‌డేట్‌కు ముహూర్తం పెట్టేది అర్ధరాత్రి దాటాక. ఆ వేళకు లోకమంతా నిద్రపోతుందని తమ లెక్క. ఆ లెక్క వేసినవారు హైదరాబాదులో మియాపూర్ వైపో విశాఖలో మధురవాడ వైపో ఓ రాత్రి తిరిగి చూసి ఉండరు. ఇక్కడ తెల్లవారుజామున రెండయితే డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నర, చలికాలమైతే రెండున్నర. అమెరికా షిఫ్టులో ఉన్న మా అమ్మాయికి అది నడి ఆఫీసు. మొన్నొక రాత్రి క్లయింటుకు ఏదో వివరిస్తుండగా తెర మీద ఆయన నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయాడు. డబ్బా మీది లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి, పవర్ లైటొక్కటే వెలిగి, ఫైబర్ సిగ్నల్ అందిందని చూపే పాన్ (PON) లైటు ఎంతకీ నిలబడక మిణుకుమంటూ కూర్చుంది. పిల్ల మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని మీటింగులోకి మళ్లీ దూరి, "సారీ, పవర్ పోయింది" అని సర్దిచెప్పింది. ఏ పాపమూ ఎరుగని కరెంటు వాళ్ల మీద నింద పడింది.

నిజానికి కరెంటు వాళ్లు చెప్పి తీస్తారు. తీగల మీద పడ్డ కొమ్మలు కొట్టాలన్నా, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతన్నా, ఫలానా ఫీడరు కింద ఫలానా వీధులకు 9 నుంచి 12 దాకా సరఫరా ఉండదని జిల్లా పేపర్లో వేయిస్తారు. స్తంభమెక్కే లైన్‌మన్ శాఖకున్న ఆ మర్యాద, మా ప్రతి డబ్బా నంబరూ కంఠతా వచ్చిన తమరికి లేకపోవడమేమిటి?

తెల్లారాక చూద్దుము కదా, వైఫై పేరు ఫ్యాక్టరీలో పుట్టినప్పటి పేరైపోయింది. టీవీ, ప్రింటరు, గేటు మీది సీసీ కెమెరా పాత పేరు కోసం వెతుక్కుంటున్నాయి. చిన్నపిల్లలకు చెడ్డ సైట్లు రాకుండా పెట్టుకున్న డీఎన్ఎస్ సెట్టింగు గల్లంతు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మా వైపు నుంచి ఏమీ మార్చలేదండీ, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. లాగిన్ పేజీలో కనబడే ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబరు చివర అంకె మాత్రం ఒకటి పెరిగి ఉంది.

అప్‌డేట్లు మానేయమని నా మనవి కాదు. అవి ఎందుకు కావాలో తెలుసు. 2016 నవంబరులో జర్మనీలో డాయ్చే టెలికామ్ కస్టమర్ల రౌటర్లు దాదాపు 9 లక్షలు ఒక్కసారిగా మొరాయించాయి. మిరాయ్ అనే మాల్‌వేర్ సంతతి ఒకటి, తమలాంటి వారి రాకపోకల కోసం తెరిచి ఉంచిన 7547 పోర్టు తట్టడమే కారణం. మందు కూడా కొత్త ఫర్మ్‌వేరే అయింది. అప్‌డేట్లను జనం ఇష్టానికి వదిలేస్తే చాలామంది ఎప్పటికీ చేయరు, నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఆ దారిన ఎప్పుడూ మందే వస్తుందన్న హామీ లేదు. 2012లో సిస్కో తన లింక్‌సిస్ రౌటర్లు కొన్నింటికి తనంతట తానే కొత్త ఫర్మ్‌వేర్ దించింది. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లు పాత పాస్‌వర్డుతో తమ రౌటర్‌లోకి తాము వెళ్లబోతే, ముందు కంపెనీ క్లౌడ్‌లో ఖాతా తెరవమంది. గోల లేచాక సిస్కో క్షమాపణ చెప్పి, పాత పద్ధతికి మళ్లే దారి చూపింది. 2023 అక్టోబరులో అమెరికాలో ఒకే ఇంటర్నెట్ సంస్థ కస్టమర్ల రౌటర్లు 6 లక్షలకు పైగా మూడు రోజుల్లో పనికిరాకుండా పోయాయి. ఎవరో దూరాన కూర్చుని వాటి ఫర్మ్‌వేర్‌ను చెడగొట్టారు. రీసెట్‌కు లొంగక, డబ్బాలే మార్చాల్సి వచ్చింది. ఇంతమంది ఇళ్లలోకి వెళ్లే వీలు ఒక్కచోట ఉన్నప్పుడు, వచ్చిపోయిన లెక్క ఇంటివాళ్లకు చూపడం కనీస ధర్మం.

అందుచేత తమరు దయచేసి చేయవలసినవి ఇవి. అప్‌డేట్‌కు ముందురోజు ఒక ఎస్ఎంఎస్ పంపండి. రీఛార్జి గుర్తుచేయడానికి రోజుకు రెండు పంపుతూనే ఉన్నారు కదా. వేళను మమ్మల్ని ఎంచుకోనివ్వండి, అవసరమైతే కొద్దిరోజులు వాయిదా వేసుకోనివ్వండి. భద్రతా సవరణను కొత్త హంగులతో కలిపి ఒకే మూటగా కట్టకండి. ఏం మార్చారో నాలుగు ముక్కలు తెలుగులో రాయండి. మా సెట్టింగులు మాకు ఉంచండి. ఈ డబ్బాకు ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తారో కనెక్షన్ ఇచ్చేనాడే చెప్పండి. సొంత రౌటర్ పెట్టుకుంటామన్నవారికి తమ డబ్బాను సిగ్నల్ దాటించడం వరకే పనిచేసే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టివ్వండి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో నెట్‌కు కలిసే పరికరాల తయారీదారు ముందే ప్రకటించి తీరాలి. యూరోపియన్ యూనియన్ సైబర్ రెజిలియన్స్ చట్టం 2027 డిసెంబరు నుంచి పూర్తిగా వర్తిస్తుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఉండాలంటూనే, వాటిని ఆపుకునే, వాయిదా వేసుకునే వీలు కూడా ఇవ్వాలంటుంది. జర్మనీలో సొంత రౌటర్ పెట్టుకోవడం 2016 ఆగస్టు నుంచి చట్టమిచ్చిన హక్కు. అక్కడివాళ్లకు అమర్చగలిగినది ఇక్కడివాళ్లకు అమర్చలేని పని కాదు.

ఈ లేఖ తమరు చదవరు, తమరికి ఆ మెనూ ఉండదు. కనక నకలు ట్రాయ్ వారికీ దూరసంచార శాఖ వారికీ పంపుతున్నాను. రౌటర్‌ను నడిపే అధికారం కంపెనీ చేతిలో ఉన్నప్పుడు, చెప్పి చేసే బాధ్యతను కూడా నిబంధనల్లో రాయించవలసిందిగా వారిని కోరుతున్నాను.

ఇట్లు,
బిల్లు ఏనాడూ గడువు దాటనివ్వని
ఒక ఫైబర్ కనెక్షన్‌దారు