అరవైలోనే ఆగిపోయిన అల్లుడు

మా మేనల్లుడు ఏడాది కిందట 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. ఏడాదంతా దాన్ని 60 మీదే ఆడించాడు. మొన్న సెట్టింగ్స్ తెరిచి చూసి నోరెళ్లబెట్టాను. "ఏరా, 144కి డబ్బులు పోసి 60 చూస్తున్నావా?" అంటే, "అదే పెట్టుకుంటుందనుకున్నా మామయ్యా" అంటాడు!

మా రోజుల్లో ఈ అనుకోవడాలు లేవు. 2002లో సికింద్రాబాద్ సీటీసీలో పార్టులు ఏరుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పదిహేను అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్. 60 మీద ఉంచితే తెర మినుకుమినుకుమంటూ కళ్లు పీకేది, రాత్రికి తలనొప్పి. డిస్‌ప్లే ప్రాపర్టీస్ తవ్వి 85 పెట్టేదాకా నిద్రపట్టేది కాదు. 1024 బై 768లో అంత రాకపోతే 800 బై 600కి దిగేవాళ్లం. బొమ్మ మొద్దుగా ఉంటే ఉండనీ, కళ్లు ముందు.

విండోస్ ఎక్స్‌పీతో ఇంకో తంటా. డెస్క్‌టాప్ మీద 85 ఉన్నా, ఆట తెరవగానే చాలావాటిలో 60కి పడిపోయేది. దాన్ని కట్టడి చేసే చిన్న ప్రోగ్రామ్ కోసం ఊరంతా గాలించేవాళ్లం. అది దొరకనివాడు, నీలి తెర ఎన్నిసార్లు పలకరించినా సరే, విండోస్ 98నే పట్టుకుని వేలాడేవాడు.

ఇప్పటి ఎల్‌సీడీ 60లో మినుకుమనదు. నొప్పి లేదు, అందుకే అనుమానమూ లేదు.

98 ఎప్పుడు వదలాలో మేమే తేల్చుకునేవాళ్లం. వీడికేమో 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగింది. వీడి ప్రాసెసర్ గుర్రంలా పరిగెడుతోంది, అయినా 11 జాబితాలో లేదట! "లైనక్స్ వేసుకోరా. 2018లో వాల్వ్ వాళ్లు ప్రోటాన్ తెచ్చాక విండోస్ ఆటలు బోలెడు అందులో నడుస్తున్నాయి. స్టీమ్ లెక్కల్లో దాని వాటా 3 శాతం కూడా దాటింది" అన్నాను పెద్దరికంగా.

"వాలరెంట్ రాదు మామయ్యా."

నిజమే. ఆ ఆటలో దొంగాట పట్టే కాపలా ప్రోగ్రామ్ లైనక్స్ గడప తొక్కదు. నోరు మూసుకుని 144 పెట్టిచ్చాను.

వాడు మౌస్ గిరగిరా తిప్పి, "ఇన్నాళ్లూ నేను ఓడింది దీనివల్లే!" అన్నాడు. 85 పెట్టుకున్నాక కూడా కౌంటర్ స్ట్రైక్‌లో అందరికంటే ముందు చచ్చింది నేనేనని వాడికి చెప్పలేదు.