చెయ్యి కదపకుండా స్మార్ట్ టీవీకి వైఫై

కొత్త టీవీ వచ్చింది. మస్కట్‌లో ఉన్న తమ్ముడు డబ్బు పంపాడో, హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఆన్‌లైన్‌లో బుక్ చేశాడో, మొత్తానికి ఇంటిముందు ఆటోలోంచి దిగింది. తెచ్చినవాళ్ళు గోడకు బిగించి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ మీ మొహం చూస్తున్నారు. "ఫోన్‌తో వైఫై కలపాలంట. మీకు తెలుసు కదండీ" అంటున్నారు.

మంచి మంచి మనుషులు మునిగిపోయింది ఇక్కడే. నిజానికి పని పది నిమిషాలది. గూగుల్ టీవీ అయితే ఆన్ చెయ్యగానే తెరమీద గళ్ళగళ్ళ క్యూఆర్ బొమ్మ వస్తుంది. ఫోన్‌లో గూగుల్ హోమ్ యాప్ తెరిచి, బ్లూటూత్ పెట్టి, ఆ బొమ్మను కెమెరాకు చూపిస్తే సరి. ఫోన్ ఏ వైఫై మీద ఉందో ఆ పేరూ పాస్‌వర్డూ టీవీకి వెళ్ళిపోతాయి. అంతే. కానీ ఆ పది నిమిషాలూ మీరు కష్టపడ్డారా, ఇక ఆ వీధిలో ఎవరింటికి టీవీ వచ్చినా కబురు మీకే. భోజనం దగ్గరనుంచి లేపి తీసుకుపోతారు. కాబట్టి పని జరగకూడదు, పైసా కదలకూడదు, మాట మీమీదకు రాకూడదు. దారి చెబుతాను, వరసగా చేసుకుంటూ రండి.

1. ముందు పెట్టెలో ఉన్న పుస్తకాన్ని మాయం చెయ్యండి. బడికెళ్ళే పిల్లలకు అస్సలు దొరకనివ్వకండి. ఏడో క్లాసు పిల్ల ఆ బొమ్మలు చూసి ఐదు నిమిషాల్లో కలిపేస్తుంది. మీ పరువూ పోతుంది, మీ పథకమూ పోతుంది.

2. సొంత కనెక్షన్ తీసుకోకండి. మన కోనసీమకు ఫైబర్ కొత్తదేం కాదు. 2016 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఏపీ ఫైబర్‌ను ప్రారంభించింది సఖినేటిపల్లి మండలం మోరిలోనే. అంతర్వేది వెళ్ళే దిక్కున, జీడిపప్పుకు పేరుపడ్డ ఊరు. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ ఛానళ్ళు, ఫోను, మూడూ కలిపి ఇస్తామన్నారు. ఇది విని తెలివి తక్కువవాళ్ళు "ఇంత చవకైతే మనమూ పెట్టించుకుందాం" అనుకుంటారు. మీరు సరిగ్గా ఆలోచించండి. ఇన్నేళ్ళలో పక్కింటివాళ్ళు ఎప్పుడో పెట్టించుకునే ఉంటారు. ఒక గోడకు అటూ ఇటూ రెండు బిల్లులు దేనికి?

3. పక్కింటి పాస్‌వర్డ్ తెచ్చుకోండి. అడగకండి. అడిగితే "ఎందుకు" అనే ప్రశ్న పుడుతుంది. మధ్యాహ్నం భోంచేసి అరుగుమీద కునుకు తీసే వేళకు వెళ్ళండి. కొబ్బరికాయలు పట్టుకెళ్ళకండి, ఈ ఊళ్ళో వాటిని చూసి కరిగేవాళ్ళు లేరు. రావులపాలెం నుంచి తెచ్చానని ఒక అరటి అత్తం చేతిలో పెట్టండి.

"బాబాయిగారూ, మీ నెట్టు బాగా వస్తోందాండీ?"

"ఆఁ, వస్తోందిలే."

"మా ఫోన్‌లో ఏదో తేడాగా ఉందండి. ఒక్కసారి మీ ఫోన్‌లో చూసి ఇచ్చేస్తానండి."

నిద్రమత్తులో ఇచ్చేస్తారు. సెట్టింగ్స్‌లో వైఫై దగ్గరకు వెళ్ళి షేర్ అనేది నొక్కండి. వేలిముద్ర అడుగుతుంది. వేలు ఆయనదే కాబట్టి ఆయనే పెడతారు. క్యూఆర్ బొమ్మ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాలతో సహా కనపడుతుంది. మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. "బాగానే ఉందండి బాబాయిగారూ" అని లేచి రండి. వచ్చేటప్పుడు ఆ అత్తంలోంచి రెండు పళ్ళు తుంపుకుని రండి, మీ శ్రమకు.

4. పక్కింటి వైఫై రెండు పేర్లతో కనిపిస్తే, చివర 5 ఉన్నదే పట్టుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌ది మెల్లగా నడిచినా గోడలు దాటుకుని వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది దగ్గర్లో ఉరుకుతుంది, రెండు గోడలు అడ్డం వచ్చేసరికి నీరసపడుతుంది. మనకు కావలసింది ఆ నీరసమే. సీరియల్లో అత్తగారు చెయ్యెత్తిన చోట బొమ్మ ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు పక్కింటివాళ్ళ నెట్టును తిట్టుకుంటారు. మీ పేరు ఎక్కడా రాదు.

5. ఇంట్లో పోరు పడలేక సొంత రూటర్ పెట్టించాల్సి వస్తే దిగులు పడకండి. దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. వైరు వెళ్ళడానికి వెనక చిన్న బెజ్జం చాలు. ఎందుకని ఎవరైనా అడిగితే, "బల్లులు దూరతాయి, పిల్లలు పీకుతారు, పైగా ఖరీదైన వస్తువు" అనండి. రేడియో తరంగాలకు ఇనప రేకు దాటే దారి లేదు. పాతకాలపు మండువా లోగిలి అయితే బీరువా కూడా అక్కర్లేదు, ఆ గోడల మందమే సరిపోతుంది. ఈ చివరి గదిలో రూటరు, ఆ చివరి గదిలో టీవీ పెట్టి, మధ్యలో పెద్ద నీళ్ళ గాబు ఉండేలా చూసుకోండి. నీళ్ళు కూడా తరంగాలను బాగా తాగుతాయి.

6. ఇక పాస్‌వర్డ్. దీనిమీద కాస్త శ్రద్ధ పెట్టాలి, ఇది జన్మంతా ఫలమిచ్చే మొక్క. ఎనిమిది అక్షరాలకు తగ్గితే రూటర్ ఒప్పుకోదు. అందుకని మన ఊరి పేరే పెట్టండి, ఇంగ్లీషు అక్షరాల్లో. 'అంతర్వేది' దివ్యమైన పాస్‌వర్డ్. టి ఒక్కటేనా, టి పక్కన హెచ్ ఉందా? వి యా, డబ్ల్యూ యా? చివర ఐ యా, డబుల్ ఈ యా? 'ముమ్మిడివరం' ఇంకా మంచిది, ఎమ్‌లు ఎన్నని లెక్కపెట్టే లోపల రిమోట్‌లో బ్యాటరీ అయిపోతుంది. మొదటి అక్షరం పెద్దదో చిన్నదో మీరు కూడా గుర్తుపెట్టుకోకండి. కాగితం మీద రాయకండి. రూటర్ కింద అంటించిన కాగితంలో కంపెనీవాళ్ళు వేసిన పాస్‌వర్డ్ ఉంటుంది, తడిగుడ్డతో బాగా రుద్ది తుడవండి. చూసినవాళ్ళు మీ శుభ్రతను మెచ్చుకుంటారు.

7. టీవీలో తేదీని 2010కి తిప్పండి. వైఫై కలిసినట్టే చూపిస్తుంది, యూట్యూబ్ మాత్రం తెరుచుకోదు. యాప్‌లు భద్రతా పత్రాల గడువును టీవీలో ఉన్న తేదీతోనే సరిచూసుకుంటాయి. బాగుచెయ్యడానికి వచ్చినవాడు రూటర్ చూస్తాడు, వైరు చూస్తాడు, క్యాలెండర్ ఎవడూ చూడడు.

8. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తాడు. అరిసెలూ పూతరేకులూ పెట్టి కూర్చోబెట్టాక, "బాబూ, కొంచెం మీ హాట్‌స్పాట్ పెట్టండి" అనండి. కొత్తల్లుడు కాదనలేడు. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్లాను అతనిది. మంచి బొమ్మతో సినిమా చూస్తే గంటకు మూడు జీబీల దాకా లాగుతుంది. అంటే అరగంటలో అతని డేటా అయిపోతుంది, సినిమాలో మొదటి పాటకే. అప్పుడు రీచార్జ్ ఎవరు చేయించాలి? ఫోన్ ఎవరిదో వాళ్ళే.

ఇంతటితో ఆగకండి. ఫోన్‌లో ఉన్నది టీవీ తెరమీద చూపించే మిర్రరింగ్ ఒకటుంది. పెళ్ళి ఫొటోలు చూద్దామని అల్లుడి ఫోన్‌కు అది పెట్టించండి. పెట్టించేటప్పుడు మెసేజ్‌లు రాకుండా ఆపే మీట జోలికి పోకండి. వియ్యంకులు, మేనత్తలు, పేరంటానికి వచ్చినవాళ్ళు అందరూ వరసగా కూర్చుని ఉండగా, యాభై అంగుళాల తెరమీద పైనుంచి మెసేజ్ జారుతుంది: బాకీ గురించి ఒకటి, ఈఎంఐ గురించి ఒకటి, "మీ అత్తారింట్లో బోరేనా" అని స్నేహితుడు అడిగింది ఒకటి. ఎవరూ మాట్లాడరు. అల్లుడు కేబుల్ పీకబోతాడు, అది కేబుల్‌తో నడిచేది కాదు. ఇందులో లాభం చూడండి. అల్లుడికి అప్పులున్నాయని ఊరందరికీ తెలిసింది కాబట్టి, అతను మిమ్మల్ని బండి కొనిపెట్టమని అడగలేడు. మీ ఫోన్‌ను కూడా ఒకసారి ఇలాగే పెట్టుకోండి. మీ బాకీలు నలుగురికీ తెలిస్తే మిమ్మల్ని చేబదులు అడిగేవాళ్ళు ఉండరు. ఈ ఒక్క చిట్కా మా ఇంటికి ఎంతో ప్రశాంతత ఇచ్చింది.

9. నెట్ కాస్త తడబడితే సేఫ్టీ పిన్ తీసుకోండి. రూటర్ వెనక సూదిమొన పట్టేంత బెజ్జం ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. అందులో గుచ్చి పది అంకెలు లెక్కపెట్టండి. లైట్లన్నీ ఆరి మళ్ళీ వెలుగుతాయి. కంపెనీవాళ్ళు లోపల ఎక్కించిన లాగిన్ పేరూ పాస్‌వర్డూ చాలా రూటర్లలో తుడిచిపెట్టుకుపోతాయి. ఇక కేబుల్ కుర్రాడు స్వయంగా వచ్చి కూర్చుంటే తప్ప నెట్ రాదు. అతను రేపు వస్తానంటాడు. అలా అన్న ప్రతిరోజూ మీరు నడుం వాల్చిన రోజే.

10. సాకులు సిద్ధంగా ఉంచుకోండి. సాకు కూడా పంటలాంటిదే, కాలాన్నిబట్టి వెయ్యాలి.

ఎండాకాలం: "కరెంటు పోయిందండి, ఇన్వర్టర్ మీద రూటర్ లేదు." రూటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపకుండా ఉంచింది మీరే కనుక ఇది అబద్ధం కాదు.

వానాకాలం: "తడికి సిగ్నల్ నానిపోయింది." ఫైబర్‌లో వెళ్ళేది గాజుపోగులోని వెలుతురు, దానికి తడితో పనిలేదు. ఈ సంగతి మీకూ నాకూ తెలుసు, మామ్మగారికి తెలియదు.

కొబ్బరి దింపు రోజులు: "దింపు తీసేటప్పుడు మట్ట పడి వైరు తెగిందండి." మన దగ్గర ఫైబర్ వైరు కరెంటు స్తంభాలమీదుగా, కొబ్బరితోటల పక్కగా వేలాడుతూ వస్తుంది. మట్ట పడటమూ నిజమే, తెగటమూ నిజమే, అప్పుడు రూటర్ దగ్గర ఎర్రలైటు వెలగటమూ నిజమే. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వైరు అతికించాక కూడా ఎర్రలైటు సంగతే చెబుతూ ఉండండి. పచ్చలైటు మీద బొట్టుబిళ్ళ అంటించండి.

గాలివాన: ఇది పెద్ద సాకు, చిన్న పనులకు వాడి వృథా చెయ్యకండి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తోటలను నేలమట్టం చేసింది. అది చూసినవాళ్ళ దగ్గర "చెట్టు పడింది, తీగ తెగింది" అంటే మారు ప్రశ్న వెయ్యరు. పైగా కాఫీ ఇచ్చి ఓదారుస్తారు.

ఏ కాలమూ కానప్పుడు: "మళ్ళీ ఆపేశారేమో." 2022 మే 24న అమలాపురంలో అల్లర్లయ్యాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి నెట్ లేదు. ఇంటినుంచి ఉద్యోగం చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో వేసుకుని యానాం వైపూ, గోదావరి ఒడ్డుకూ సిగ్నల్ వెతుక్కుంటూ పోయారు. ఆ రోజులు అందరికీ గుర్తే. కాబట్టి ఈ సాకును కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. కాకపోతే పక్కింట్లో టీవీ పాట వినిపించకుండా ముందు కిటికీ మూసుకోండి.

11. ఏదో ఒకరోజు పక్కింటి బాబాయిగారు పాస్‌వర్డ్ మార్చేస్తారు. నెట్ ఎందుకు నత్తలా ఉందని వాళ్ళబ్బాయి వచ్చి చూస్తే లిస్టులో మీ టీవీ పేరు కనపడి ఉంటుంది. మీరు తగ్గకండి. పాస్‌వర్డ్ మార్చడమంటే మొహంమీద తలుపు వెయ్యడమే. వాళ్ళింటికి కూర పంపడం మానండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఎదురుపడితే ప్రభ వైపు చూస్తూ పక్కకు జరగండి. వాళ్ళ చెట్టు మట్ట మీ దొడ్లో పడితే పంచాయితీ పెట్టండి. పదిహేనేళ్ళ స్నేహం పోయిందని ఇంట్లో అంటారు. నెలనెలా బిల్లు కట్టలేదన్నది కూడా గుర్తుచెయ్యండి.

12. ఆఖరి మెట్టు. ఇల్లాలు తన ఫోన్‌లోనే సీరియల్ చూసుకోవడం మొదలుపెడుతుంది. పిల్లలు పెరట్లోకి పోతారు. అల్లుడు పండక్కి రావడం మానేస్తాడు. మస్కట్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేసి "టీవీ ఎలా ఉందన్నయ్యా" అంటే, ఫోన్‌ను టీవీ వైపు తిప్పి నల్లటి తెర చూపించి, "చూడు, ఒక్క గీతైనా పడలేదు" అనండి. వాడు సంతోషిస్తాడు.

మా టీవీకి ఇది రెండో సంక్రాంతి. దుప్పటి కప్పి ఉంది, వైఫై కలవలేదు, ఈ రెండేళ్ళలో వీధిలో ఒక్కరు కూడా నన్ను టీవీ చూడమని పిలవలేదు. మీరు కూడా ఇవాళే మొదలుపెట్టండి. అట్టపెట్టె మాత్రం పారెయ్యకండి, దింపు తీయించినప్పుడు కాయలు పోసుకోవడానికి పనికొస్తుంది.